నాస్, జే-జీ: పోల్చాలంటే ఏం వినాలి, ఏం లెక్కపెట్టాలి?

కాసెట్‌కాలం:

న్యూయార్క్ ర్యాపర్లలో నాస్ గొప్పా, జే-జీ గొప్పా అని మళ్లీ పోరు పెట్టడానికి కాదు అడుగుతున్నది. ఆ పోరు 2001లోనే కావలసినంత నడిచింది. నా సందేహాలు వేరే.

"నాస్ లిరికల్, జే-జీ కమర్షియల్" అని అందరూ ఒక్క ముక్కలో తేల్చేస్తారు. లిరికల్ అంటే ఏంటసలు? చెవితో విని పట్టుకోగలిగే కొలత ఏదైనా ఉందా? అలాగే "నాస్‌కి బీట్లు ఎంచుకోవడం రాదు" అన్న మాటలో (బీట్ అంటే మాటల వెనక నడిచే వాయిద్యం) నిజమెంత? ఇక కెరీర్ సంగతి. 1994లోనే ఇల్మాటిక్ లాంటి ఆల్బమ్‌తో దిగినవాడు, రెండేళ్లు ఆలస్యంగా ఆల్బమ్ తెచ్చినవాడి కంటే వ్యాపారంలో ఎందుకు వెనకబడ్డాడు? తెలుగులో ర్యాప్ రాసేవాళ్లకి ఈ ఇద్దరి దగ్గర ఏం దొరుకుతుందో కూడా తెలిసినవాళ్లు కాస్త విప్పి చెప్పండి. "ఇద్దరూ లెజెండ్సే బ్రో" టైపు జవాబులు వద్దు ప్లీజ్.

ఓరుగల్లు16బార్లు:

కొలత ఉంది అన్నా. కాకపోతే ముందు బీట్ తేడాని పక్కకి తీసేయాలి, లేకపోతే మనకి నచ్చింది బీటా, రాతా అన్నది తేలదు. అందుకు ఇద్దరూ డీజే ప్రీమియర్ బీట్ మీద చెప్పిన పాటలు తీసుకోండి. నాస్‌ది 'ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్' (ఇల్మాటిక్, 1994). జే-జీది 'డెవిల్స్' (రీజనబుల్ డౌట్, 1996). ప్రొడ్యూసర్ ఒక్కడే, రెండూ వాళ్ల వాళ్ల మొదటి ఆల్బమ్‌లోవే, మధ్యలో రెండేళ్లు.

కాగితం మీద నాలుగు నిలువు గడులు గీయండి. ఒక్కో గడి ఒక్కో కౌంట్, ఒక్కో అడ్డవరుస ఒక్కో బార్ (నాలుగు కౌంట్ల ముక్క). స్నేర్ డ్రమ్ దెబ్బ 2 దగ్గరా 4 దగ్గరా పడుతుంది, దాన్ని పట్టుకుంటే లెక్క తప్పదు. ఏ అక్షరం ఏ గడిలో పడిందో వింటూ రాసుకోండి. నాస్ పాట సుమారు 84 బీపీఎం (నిమిషానికి 84 కౌంట్లు), అంటే ఒక బార్ మూడు సెకన్లు కూడా ఉండదు. ప్లేయర్ వేగం 0.75కి తగ్గించకపోతే చెయ్యి అందుకోదు. రాయడం అయ్యాక ఒకేలా పలికే అచ్చులన్నిటికీ ఒకే రంగు వేయండి.

నాస్ కాగితం చూస్తే రంగులు వరుస చివర మాత్రమే ఉండవు. రెండో గడి చివర ఒకటి, మూడో గడి మధ్యలో ఒకటి, మళ్లీ పక్క బార్ మొదట్లో ఒకటి. వాక్యం బార్ గీత దగ్గర ఆగదు, అవతలికి దూకి అక్కడెక్కడో సగంలో ముగుస్తుంది. ఆ మొదటి వెర్స్ (చరణం) మామూలు 16 బార్ల హద్దు దాటి, మధ్యలో హుక్ (పల్లవి) లేకుండా చాలా దూరం పోతుంది. అయినా విసుగు రాదంటే ప్రాస పడే చోటు మారుతూ ఉండటమే కారణం.

ఇక 'డెవిల్స్'. చాలామంది ఊహ ఇక్కడే తప్పుతుంది. జే-జీ కూడా ప్రాసలు నిండా అల్లాడు! ఒకే అచ్చుని పట్టుకుని అరడజను మాటలు లాక్కుపోతాడు. "జే-జీ రాత పలచన" అన్నది 1996 నాటికి వర్తించదు. తేడా వేరేచోట ఉంది. నాస్ కెమెరా పట్టుకున్నట్టు చెప్తాడు: మెట్లు, లాబీ, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, చేతిలో ఏముంది. జే-జీ ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతున్నట్టు చెప్తాడు: బేరం, బెదిరింపు, సంజాయిషీ. 'డెవిల్స్'లో ఒకప్పటి స్నేహితుడి ఆచూకీ కోసం అతని పిల్ల తల్లిని పట్టుకుని నిలదీసే చోటు వినండి, మొత్తం మాటల మీదే నడుస్తుంది.

ఈ పని చేసేటప్పుడు జరిగే పొరపాట్లు మూడు. లిరిక్స్ సైట్‌లో వరుసలు ఎక్కడ విరిగితే అదే బార్ అనుకోవడం ఒకటి. అవి టైపు చేసినవాళ్ల ఇష్టం, బార్‌తో సంబంధం లేదు. స్పెల్లింగ్ చూసి ప్రాస తేల్చడం ఇంకొకటి. అసలు పెద్దది మన ఉచ్చారణతో చదవడం. మనం ఇంగ్లిష్‌లో ప్రతి 'ర్'నీ గట్టిగా పలుకుతాం, న్యూయార్క్ వీధి యాసలో మాట చివరి 'ర్' చాలాసార్లు మాయమవుతుంది. మన నోట్లో కలవని మాటలు వాళ్ల నోట్లో చక్కగా కలుస్తాయి. కాగితం పక్కన పెట్టి చెవినే నమ్మండి.

బెజవాడబూమ్‌బ్యాప్:

పై లెక్క బాగుంది గానీ, ప్రాసలు ఎక్కువుంటేనే నైపుణ్యం అనుకుంటే జే-జీకి అన్యాయం. గొంతు, ఊపిరి, ఖాళీ... ఇవీ నైపుణ్యమే కదండీ.

జే-జీ పాట కాగితం మీద పెట్టడు, బీట్ వింటూ మనసులోనే కట్టుకుని నేరుగా మైక్ దగ్గరికి వెళ్తాడు. దాని ఫలితం వినబడుతుంది. వాక్యాలు పొట్టిగా, మాట్లాడే తీరులో ఉంటాయి, ఊపిరి తీసుకునే చోటు ముందే కుదిరిపోయి ఉంటుంది. 2001 నాటి 'ది బ్లూప్రింట్' తీసుకుని అదే నాలుగు గడుల కాగితం మళ్లీ గీయండి. 'డెవిల్స్' కంటే గడులు చాలా ఖాళీగా కనిపిస్తాయి. అది చేతకాక వచ్చిన ఖాళీ కాదు. మాట ముగిశాక స్నేర్ ఒక్కటే వినబడే సందు వదులుతాడు, ఆ మాటలోని రెండో అర్థం వినేవాడికి తట్టేది ఆ సందులోనే. 2003 'బ్లాక్ ఆల్బమ్'లో 'మూమెంట్ ఆఫ్ క్లారిటీ' అనే పాటలో తనే ఒప్పుకున్నాడు, జనం కోసం రాతని తేలిక చేశాననీ, అందువల్ల డబ్బు రెట్టింపైందనీ. కాబట్టి 1996 జే-జీ వేరు, 2001 జే-జీ వేరు. ఏ ఏటి మనిషితో పోలుస్తున్నారో చెప్పకుండా వాదిస్తే తెల్లారిపోతుంది.

ఫ్లో (బీట్ మీద మాట నడిచే తీరు) రకాల్లో మాత్రం జే-జీదే పైచేయి, నా లెక్కలో. 80ల చివర, 90ల మొదట్లో గురువు జాజ్-ఓ పక్కన చేసిన పాటల్లో నాలుక తిరగనంత వేగంగా చెప్పేవాడు. ఆ డబుల్ టైమ్ తర్వాత ప్రొడ్యూసర్ టింబలాండ్ బీట్ల మీద పనికొచ్చింది. 1998లో 'హార్డ్ నాక్ లైఫ్' బ్రాడ్వే పిల్లల కోరస్ శాంపిల్ (పాత రికార్డింగ్ ముక్క) మీద నడుస్తుంది, 2003లో '99 ప్రాబ్లమ్స్' ప్రొడ్యూసర్ రిక్ రూబిన్ రాక్ గిటార్ మీద. ఆ రెండో పాటలో రెండో వెర్స్ వినండి, 1994లో కారు ఆపిన పోలీసుకీ డ్రైవర్‌కీ మధ్య సంభాషణ. రెండు గొంతులూ అతనివే. పోలీసు మాటలకి ముక్కుతో పలికి, కాస్త సాగదీస్తాడు. డ్రైవర్ మాటలకి మళ్లీ మామూలు గొంతు. ఎవరు మాట్లాడుతున్నారో విడిగా చెప్పాల్సిన పనే లేదు.

నాస్ బలం పాట నిర్మాణంలో. 1996లో 'ఐ గేవ్ యూ పవర్' మొత్తం తుపాకీ నోటితో చెప్పాడు. 2001లో 'రివైండ్' కథ చివర నుంచి మొదటికి నడుస్తుంది, తూటా ఒంట్లోంచి వెనక్కి తుపాకీలోకి పోతుంది. అదే ఏడాది 'వన్ మైక్'లో గుసగుసతో మొదలై అరుపు దాకా వెళ్లి మళ్లీ దిగుతాడు. అక్కడ ఫ్లో మార్చలేదు, గొంతు ఎత్తు మార్చాడంతే. జే-జీ కథలు చెప్పలేదని కాదు, 2002లో 'మీట్ ది పేరెంట్స్' ఉంది. కానీ ఈ తరహా ప్రయోగాలు వేళ్ల మీద లెక్కపెడితే నాస్‌వే ఎక్కువ.

డల్లాస్‌డీజే:

కెరీర్ ప్రశ్నకి జవాబు టాలెంట్‌లో వెతక్కండి, కాంట్రాక్టులో ఉంది.

నాస్ క్వీన్స్‌బ్రిడ్జ్ కుర్రాడు, తండ్రి ఓలూ డారా జాజ్ కార్నెట్ వాద్యకారుడు. 1991లో మెయిన్ సోర్స్ వాళ్ల పాటలో ఒక్క వెర్స్‌తో పేరొచ్చింది, కొలంబియా సంతకం పెట్టించుకుంది, ఇరవై ఏళ్లకే ఇల్మాటిక్ వచ్చేసింది. అంటే మొదటి నుంచీ పెద్ద కంపెనీకి పాట చేసిపెట్టే ఆర్టిస్ట్. బ్రూక్లిన్‌లో మార్సీ హౌసెస్ నుంచి వచ్చిన జే-జీకి ఆ వయసులో సంతకం దొరకలేదు. దొరక్కపోవడమే కలిసొచ్చింది. డేమన్ డాష్, కరీమ్ 'బిగ్స్' బర్క్‌తో కలిసి రాకఫెల్లా అని సొంత లేబుల్ పెట్టాడు. 1996 జూన్‌లో రీజనబుల్ డౌట్ ఆ పేరు మీదే వచ్చింది. అప్పటికి అతనికి 26 ఏళ్లు. అమెరికా ఆల్బమ్ చార్ట్ బిల్‌బోర్డ్ 200లో 23వ స్థానం దాటలేదు. అదే వేసవిలో నాస్ రెండో ఆల్బమ్ 'ఇట్ వాజ్ రిటెన్' నేరుగా ఒకటో స్థానంలో దిగింది. అంటే 1996లో చూసినవాడికి వ్యాపారంలో ముందున్నది నాసే! ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

తర్వాత పెద్ద లేబుల్ డెఫ్ జామ్ వచ్చి రాకఫెల్లాతో కలిసింది. ఆర్టిస్ట్‌గా వచ్చే రాయల్టీ ఒకటైతే, లేబుల్ యజమానిగా వచ్చే వాటా ఇంకొకటి. అక్కణ్నుంచి ఏడాదికో ఆల్బమ్: 1996 నుంచి 2003 దాకా ఒక్క ఏడాది కూడా ఖాళీ లేదు. 1998 'వాల్యూమ్ 2' అయిదు వారాలు ఒకటో స్థానంలో ఉంది, గ్రామీ తెచ్చింది. ఇటు నాస్ 1996 తర్వాత మూడేళ్లు సొంత ఆల్బమ్ తేలేదు. 1999లో రెండు డిస్కుల సెట్‌గా అనుకున్న 'ఐ యామ్' పాటలు ముందే లీకై బయటికొచ్చాయి, దాంతో ప్లాన్ మొత్తం మార్చుకోవాల్సొచ్చింది. మిగిలిన ఖాళీ పూడ్చడానికి అదే ఏడాది చివర్లో 'నాస్ట్రడామస్' హడావుడిగా దించారు. అతని ఆల్బమ్‌లలో విమర్శకులు అన్నిటికంటే చిన్నచూపు చూసింది దాన్నే. "బీట్లు ఎంచుకోవడం రాదు" అన్న ముద్ర అక్కడే గట్టిపడింది.

ఆ తర్వాత కొన్ని అంకెలు. జే-జీ 2004 చివర డెఫ్ జామ్ అధ్యక్ష పదవి ఒప్పుకున్నాడు, తన మాస్టర్ల (అసలు రికార్డింగుల) హక్కులు కొన్నేళ్లకి తనకి తిరిగి వచ్చే షరతుతో. 2007లో రాకావేర్ బట్టల బ్రాండ్ హక్కులు 20.4 కోట్ల డాలర్లకి అమ్మాడు. ఫోర్బ్స్ 2019లో హిప్-హాప్ నుంచి మొదటి బిలియనీర్‌గా లెక్కేసింది. బిల్‌బోర్డ్ 200లో 14 ఒకటో స్థానాలు, కలిసి చేసిన ఆల్బమ్‌లు కూడా కలుపుకుని.

నాస్ పేదవాడేం కాదు. అతని దారి స్టార్టప్‌లు. క్వీన్స్‌బ్రిడ్జ్ వెంచర్ పార్టనర్స్ పేరుతో చిన్న చిన్న మొత్తాలు తొందరగా పెట్టడం. వాటిలో రింగ్, పిల్‌ప్యాక్ రెండింటినీ 2018లో అమెజాన్ కొనేసింది, కాయిన్‌బేస్‌లో కూడా ముందే పెట్టాడు. మన దేశానికి దగ్గరి సంగతి: మాస్ అపీల్ ఇండియా అతని లేబుల్‌దే, 2019లో యూనివర్సల్‌తో కలిసి మొదలైంది, మొదట సంతకం చేసింది ముంబై ర్యాపర్ డివైన్. 'గల్లీ బాయ్'కి నాస్ ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ కూడా. అటు జే-జీ 2003లో పంజాబీ ఎంసీ పాట రీమిక్స్‌లో ఒక వెర్స్ చెప్పాడు. మనవైపుకి ఎవరు ఎక్కువ వచ్చారో చూసుకోండి!

కాసెట్‌కాలం:

థాంక్స్ అండీ, 1996 లెక్క నాకు తెలీదు. ఒక్కటి అడగాలి. జే-జీని తిడుతూ నాస్ చేసిన 'ఈథర్' గెలిచింది కదా, అది నైపుణ్యానికి తీర్పు కాదా?

ఓరుగల్లు16బార్లు:

కాదు అన్నా. 'ఈథర్' గెలిచింది జనం ఓటులో. హాట్ 97 రేడియోలో 58 శాతం నాస్‌కి, 42 శాతం జే-జీకి. కానీ ఆ ఓటు 'ఈథర్'కీ, నాస్‌ని తిట్టిన జే-జీ పాట 'టేకోవర్'కీ మధ్య జరిగింది కాదు, 'ఈథర్'కీ 'సూపా అగ్లీ'కీ మధ్య. ఈ రెండోది జే-జీ హడావుడిగా రేడియోకి ఇచ్చిన జవాబు. నాస్ వ్యక్తిగత జీవితం మీద మరీ దిగజారి మాట్లాడాడని జే-జీ వాళ్లమ్మే క్షమాపణ చెప్పమంది, చెప్పాడు. ఆ పాటతో పోటీ పెడితే ఎవరైనా గెలుస్తారు.

వరుస ఇది. 2001 జూన్‌లో సమ్మర్ జామ్ వేదిక మీద జే-జీ మాబ్ డీప్ జట్టు ర్యాపర్ ప్రాడిజీని తిట్టి, చివర్లో నాస్ పేరు తగిలించి వదిలాడు. నాస్ ఒక ఫ్రీస్టైల్‌తో బదులిచ్చాడు. సెప్టెంబరు 11న 'ది బ్లూప్రింట్' వచ్చింది, అందులో 'టేకోవర్'కి నాస్ మీద ఒక వెర్స్ మొత్తం చేరింది. డిసెంబరులో 'స్టిల్‌మాటిక్', అందులో 'ఈథర్'.

'టేకోవర్' లాయర్ వాదనలా ఉంటుంది. ఆల్బమ్ ఆల్బమ్‌కీ మార్కులు వేస్తాడు, పదేళ్లలో పనికొచ్చింది ఎన్నని సగటు తీస్తాడు. 'డెడ్ ప్రెసిడెంట్స్'లో నాస్ గొంతు శాంపిల్ తీసుకున్న సంగతిని తిరగేసి, నువ్వు చెప్పింది వరుస మాత్రమే, దాన్ని పాట చేసింది నేను అంటాడు. బీట్ కూడా కాన్యే వెస్ట్ చేతిది, డోర్స్ అనే రాక్ బ్యాండ్ శాంపిల్‌తో. 'ఈథర్'లో ఇంత లెక్క లేదు, రాన్ బ్రౌజ్ బీట్ కూడా పలచనే. అక్కడున్నది ఎగతాళి: రూపం మీద, వయసు మీద, ఎవరి వెనకాల తిరిగి పైకొచ్చావన్న దాని మీద. ఎగతాళికి జనం నవ్వుతారు. వాదనకి తల ఊపుతారు, అంతే. తగువులో నవ్వించినవాడిదే గెలుపు. పాటగా రెండూ పక్కపక్కన పెడితే నేను 'టేకోవర్' వైపే.

బెజవాడబూమ్‌బ్యాప్:

అయ్యబాబోయ్, 'ఈథర్' పలచనా! మొదటి వరుస నుంచే గొంతులో ఆ కసి ఉందే, దాన్ని ఏ గడిలో వేస్తారు మీరు? సరే, అది మీ ఇష్టం. ఒక్కటి మాత్రం కలపాలి: 2005 అక్టోబరులో న్యూజెర్సీ కచేరీలో జే-జీ నాస్‌ని వేదిక మీదికి పిలిచి ఆ గొడవ ముగించాడు. తర్వాతి జనవరిలో నాస్ వెళ్లి డెఫ్ జామ్‌లోనే చేరాడు, అప్పుడు అక్కడ అధ్యక్షుడు జే-జీయే.

బీట్ల ప్రశ్న మిగిలిపోయింది. ఇల్మాటిక్‌లో పది ట్రాకులు, నలభై నిమిషాల లోపే. బీట్లు ప్రీమియర్, పీట్ రాక్, లార్జ్ ప్రొఫెసర్, క్యూ-టిప్, ఎల్.ఇ.ఎస్. చేతివి. ఇంతమంది ఉన్నా ఒకే గదిలో చేసినట్టుంటుంది, ఎందుకంటే అందరూ న్యూయార్క్ శాంపిల్ పద్ధతివాళ్లే. తర్వాత రేడియో కోసం చుట్టూ మనుషులు మారారు, ఆ ఒక్క గది పోయింది. నాస్ తనకి కుదిరిన ఒకే చేతి కింద కూర్చున్నప్పుడు ఈ ఫిర్యాదు వినబడలేదు. ప్రొడ్యూసర్ హిట్-బాయ్‌తో 2020 'కింగ్స్ డిసీజ్' నుంచి 2023 'మ్యాజిక్ 3' దాకా ఆరు ఆల్బమ్‌లు, మొదటి దానికే కెరీర్‌లో తొలి గ్రామీ. ఒక ప్రొడ్యూసర్ ఉంటే చాలని కూడా కాదు, 2018లో కాన్యేతో చేసిన ఏడు పాటల 'నాసిర్' చప్పగా ఉంది. కాన్యే శబ్దం ముందుకొచ్చి నాస్ మాట వెనక్కిపోయింది. నాస్ మాటలు దట్టం కాబట్టి బీట్‌లో మధ్య భాగం ఖాళీగా ఉండాలి: డ్రమ్స్, బేస్, చిన్న పియానో ముక్క. అక్కడ కోరస్ గొంతులూ సింథ్‌లూ నింపితే అక్షరాలు మునిగిపోతాయి. జే-జీ సందులు వదిలే మనిషి కాబట్టి ఎంత నిండు బీట్ మీదైనా తేలతాడు. బీట్ వినే చెవి ఇద్దరికీ ఉంది, ఇద్దరికీ కావలసిన బీట్ ఒకటి కాదు.

పాదం_పాదం:

తెలుగులో రాసేవాళ్లకి ఏం పనికొస్తుందన్న దానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. నేనిస్తాను.

మన పద్యప్రాస రెండో అక్షరం మీద ఉంటుంది. హల్లు కలవాలి, అచ్చు మారినా ఫర్వాలేదు. నాస్ అల్లికలో సరిగ్గా తలకిందులు: అచ్చులు వరుసగా కలవాలి, హల్లులు మారొచ్చు. తెలుగులో చెప్పాలంటే 'గాలిపటం', 'దారివడం' కాదు మీరు వెతకాల్సింది, అది అర్థం లేని జంట. 'వాన చినుకు', 'దాని వెనుకు' అని లాగినా భాష విరుగుతుంది. 'మాట కలిపి', 'పాట నిలిపి' చూడండి. ఆ-అ-అ-ఇ-ఇ, ఆ-అ-ఇ-ఇ-ఇ. చెవికి దగ్గరగా ఉంది, కానీ మూడో అచ్చు తప్పింది. 'మాట కలిపి', 'బాట వదిలి' అంటే అయిదు అచ్చులూ కుదిరాయి, అర్థమూ నిలిచింది. నాస్ దగ్గర నేర్చుకోవాల్సింది ఈ అయిదక్షరాల జత.

తెలుగుకున్న ప్రమాదం ఇంకొకటి. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, క్రియలు ఒకే తోకతో వస్తాయి. 'చేశాను, చూశాను, రాశాను' ప్రాస కాదు, వ్యాకరణం ఉచితంగా ఇచ్చిన తోక. రంగులు వేసేటప్పుడు ఈ తోకల్ని లెక్కలోంచి తీసేయండి. తీశాక కాగితం తెల్లబోతే ఆ వెర్స్ మళ్లీ రాయాలి. తోక తప్పించడానికి సులువైన మార్గం క్రియని బార్ మధ్యలోకి జరిపి, నామవాచకంతో ముగించడం. మాట్లాడే తెలుగులో ఇది తప్పేమీ కాదు: "చూశాను నిన్న అదే వీధి" అని రోజూ అంటూనే ఉంటాం.

జే-జీ దగ్గర తీసుకోవాల్సింది శ్లేష, దాని తర్వాతి ఖాళీ. రీజనబుల్ డౌట్‌లో '22 టూస్' అనే పాట పేరే లెక్క చెప్తుంది: ఇంగ్లిష్‌లో ఒకేలా పలికే మూడు 'టూ'లని ఒక వెర్స్‌లో 22 సార్లు తిప్పాడు. మనకి అలాంటి మాటలకి కరువా? పాలు, అరవై, కల, వల... పాలు అంటే తాగేవి, వాటాలు కూడా. శ్లేష పడిన మాట 3వ కౌంట్‌లో ముగిసేలా చూసుకుని, 4 మీద ఏమీ పెట్టకండి. స్నేర్ మోగనివ్వండి.

ఊపిరి సంగతి కూడా. తెలుగులో దీర్ఘాలూ ద్విత్వాలూ ఎక్కువ, అదే 84 బీపీఎంలో ఇంగ్లిష్ పట్టినన్ని అక్షరాలు పట్టవు. బార్‌కి 16 అక్షరాలు నింపాలని పంతం పడితే దీర్ఘాలు కురచై 'కాలం' కాస్తా 'కలం' అయిపోతుంది, అర్థమే మారిపోతుంది. 11 నుంచి 13 దగ్గర మొదలుపెట్టి, నాలుగు బార్లకి ఒకసారి ఊపిరి చోటు గుర్తు పెట్టుకుని, ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. దీర్ఘం ఎక్కడ కురచైందో అక్కడ ఒక మాట తీసేయండి.

కాసెట్‌కాలం:

'అరవై'లో శ్లేష ఏంటి మాస్టారూ?

పాదం_పాదం:

'అర'ని విడదీసి పలకండి. అర, వై. సగం ఎందుకని. నాలుగో కౌంట్ ఖాళీ వదిలితేనే తడుతుంది, అది కూడా వినేవాడికి ఇంగ్లిష్ వస్తేనే.